బాలికల క్రీడలు - జాతీయ గౌరవములు

2024వ సంవత్సరమునకుగాను భారత ప్రభుత్వము ప్రకటించిన అర్జున పురస్కారములలో తెలుగు యువతుల పేర్లు రెండు కానవచ్చినవి. ఒకరు విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి. నూఱు మీటర్ల హర్డిల్స్ పందెమున 2023లో ఆసియా విజేతయై నిలిచిన వనిత. వేఱొకరు వరంగల్లు సీమలోని కల్లెడ గ్రామమున నిఱుపేద యింట బుట్టిన దీప్తి జీవాంజి. 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలందు నాలుగువందల మీటర్ల పరుగున కాంస్యపతకము గొనివచ్చిన బిడ్డ. ఈ వార్త విని సంతసింపని తెలుగువాడుండడు. మేమును సంతసించితిమి. కాని గౌరవములు పొందిన మన యాడపడుచుల పేర్లను వరుసగా వ్రాసి చూచుకొన్నచో ఒక విశేషము, ఆ విశేషము వెనుక ఒక లోపము, కంటబడక మానవు. ఆ లోపమును గూర్చియే నేడు మా పాఠకులకు విన్నవింపదలచితిమి.

శ్రీకాకుళపు కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు బరువులెత్తి, ఒలింపిక్ పతకమును బడసిన మొదటి భారతనారి యయ్యెను. హైదరాబాదు బిడ్డ పూసర్ల వెంకట సింధునకు 2016లో ఖేల్‌రత్న, 2020లో పద్మభూషణ గౌరవములు లభించినవి. కృష్ణాతీరమును ఇందు వెనుకబడలేదు. గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి చదరంగమున 2003లో అర్జున పురస్కారమును, 2007లో పద్మశ్రీని అందుకొనెను. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో 2017లో అర్జున పురస్కారమును బడసి, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలందు మూడు స్వర్ణపతకములను గెలుచుకొనెను. ఈ పేర్లన్నియు మనకు గర్వకారణములే. ఐనను ఒక్కమాట గమనింపుడు. వీరందఱును ఒంటరిగా బరిలోనికి దిగి గెలిచినవారు. జట్టుగా నాడు ఆటలలో జాతీయ గౌరవమునందిన తెలుగునాటి స్త్రీలను వెదకిన, క్రికెట్టునందు హైదరాబాదు మిథాలీ రాజ్ పేరు వెంటనే తోచును. క్రికెట్టు సంగతి వేఱు. దానికి ధనమును కలదు, ప్రేక్షకులును కలరు. కళాశాలల యాటయైన బాస్కెట్‌బాల్ మాటయేమి?

ఆ యాటయందు జాతీయ గౌరవము పొందిన స్త్రీలు లేకపోలేదు. సుమన్ శర్మకు 1983లో అర్జున పురస్కారము దక్కినది. కేరళకు చెందిన గీతూ అన్నా జోస్‌కు 2014లోను, కాశీనగరమునకు చెందిన ప్రశాంతి సింగ్‌కు 2017లోను అదియే గౌరవము లభించినది. ప్రశాంతి సింగ్ 2019లో పద్మశ్రీయు నందుకొనెను. చెన్నపట్టణపు అనితా పాల్‌దురై చిరకాలము భారత జట్టునకు నాయకురాలై, తల్లియైన పిమ్మటను తిరిగి ఆటకు వచ్చి, 2021లో పద్మశ్రీ బిరుదమును గైకొనెను. తమిళదేశము, మలయాళదేశము, కాశీ - ఈ మూడును ఇందు గలవు. మన తెలుగుదేశము లేదు. మన బాలికలకు పొడవు లేదా, బలము లేదా, బుద్ధి లేదా? ఆ మాట ననువారు మన పొలములలో నాట్లువేయు స్త్రీలను చూడనివారు.

కారణము వేఱుచోట నున్నది. చదరంగమునకు ఒక బల్ల, ఒక గురువు చాలును. హంపికి తండ్రి అశోక్ తానే గురువయ్యెను. 2006లో ఆయనకు ద్రోణాచార్య పురస్కారమునిచ్చి ప్రభుత్వము తండ్రికిని బిడ్డకును సమముగా గౌరవము చేసినది. విలువిద్యకు ఒక విల్లు, ఒక గుఱి, ఓపికగల తల్లిదండ్రులు కావలెను. ఒంటరి యాటను ఒక కుటుంబము తన భుజములపై మోయగలదు. కాని బాస్కెట్‌బాల్ ఐదుగురి యాట. బరిలో ఐదుగురు, వెలుపల సిద్ధముగా మఱి యేడుగురు, వారికెదురుగా నిలుచుటకు ఇంకొక జట్టు కావలెను. ఏ తండ్రియు తన యింట పండ్రెండుగురు బాలికలను ప్రోగుచేయజాలడు. ఆ పని చేయగలది కళాశాల యొక్కటియే. కావున ఒంటరి యాటలలో మనకు గౌరవములు వచ్చినవనుట మన కుటుంబముల పట్టుదలకు సాక్ష్యము. జట్టు ఆటలలో రాలేదనుట మన విద్యాసంస్థల యుదాసీనతకు సాక్ష్యము. మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

ఈ యాట పుట్టినది అమెరికాలో. 1891లో స్ప్రింగ్‌ఫీల్డునగరమున జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు దీనిని కల్పించెను. మఱుసటి యేడే సెండా బెరెన్‌సన్ అను ఉపాధ్యాయురాలు స్మిత్ కళాశాలయందు దీనిని బాలికలకు నేర్పెను. అనగా స్త్రీలకు ఈ యాట పుట్టుకతోడనే కళాశాలలో ప్రవేశము లభించినదన్నమాట. మన దక్షిణదేశమున 1920లో హారీ క్రో బక్ మదరాసునందు స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలనుండి ఉపాధ్యాయులు బయలుదేఱి ఇట్టి యాటలను ఊరూర వ్యాపింపజేసిరి. ఆ మదరాసు రాజధానిలో మన జిల్లాలును ఆనాడు చేరియుండినవి. విత్తనము మనకును అందినది. మనము నీరు పోయలేదు.

నీరు పోసిన చోట ఏమి జరిగినదో చూపుటకు ఒక యుదాహరణము చాలును. అమెరికా దక్షిణభాగమున మిసిసిపీ రాష్ట్రమున ప్రత్తి పండు పల్లపుసీమలో క్లీవ్‌లాండ్ అను చిన్నపట్టణము గలదు. అచటి డెల్టా స్టేట్ కళాశాల జట్టులో మార్గరెట్ వేడ్ అను యువతి నాయకురాలుగా నుండెను. 1932లో కళాశాల యధికారులు, ఈ యాట స్త్రీల కోమలశరీరములకు మిక్కిలి శ్రమకరమని చెప్పి, బాలికల జట్టును రద్దుగావించిరి. బాలికలు దుఃఖముతో తమ క్రీడాదుస్తులను ప్రోగువేసి తగులబెట్టిరి. ఆ వేడ్ ఉపాధ్యాయురాలై, ఉన్నత పాఠశాల బాలికలకు ఏండ్ల తరబడి ఆట నేర్పెను. నలువదియొక్క సంవత్సరములు గడచిన పిమ్మట, 1973లో, అదే కళాశాల తిరిగి బాలికల జట్టును గూర్చుకొని ఆమెనే పిలిచినది. అఱువది యేండ్ల వయసున ఆమె వచ్చి, 1975, 1976, 1977 సంవత్సరములందు వరుసగా మూడుమాఱులు జాతీయ విజయమును ఆ చిన్న కళాశాలకు సంపాదించిపెట్టెను.

ఆ జట్టులోని లూసియా హారిస్ నల్లజాతి వ్యవసాయ కుటుంబమున మింటర్ సిటీ అను పల్లెలో బుట్టిన పిల్ల. 1976లో మాంట్రియాల్ ఒలింపిక్సునందు స్త్రీల బాస్కెట్‌బాల్ తొలిసారి ప్రవేశపెట్టబడినపుడు, ఆ చరిత్రలో మొదటి బుట్టను వేసిన హస్తము ఆమెదే. 1985లో గురువును, 1992లో శిష్యురాలిని ఆ యాట యొక్క కీర్తిమందిరమున ప్రతిష్ఠించిరి. ఇంతకంటె ముఖ్యమైనది మఱొకటి. ప్రతి సంవత్సరము దేశములోని కళాశాలల బాలికలలో ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చుటకై 1978లో ఒక జాతీయ పురస్కారమును నెలకొల్పిరి. దానికి ఏ ధనికుని పేరును, ఏ మంత్రి పేరును పెట్టలేదు. వేడ్ ట్రోఫీ యని ఆ యుపాధ్యాయురాలి పేరే పెట్టిరి. ఆడిన బిడ్డను గౌరవించునపుడెల్ల ఆడించిన గురువు పేరు పలుకవలసివచ్చునట్లు చేసిరి. గౌరవమనగా ఇట్లుండవలెను.

అమెరికావారు చేసినదంతయు అనుకరణీయమని మేము చెప్పము. కాని వారు పాటించిన క్రమము ఆలోచింపదగినది. 1972లో వారు ఒక శాసనమును గావించిరి. ప్రభుత్వధనము పుచ్చుకొను ఏ విద్యాసంస్థయు స్త్రీపురుష భేదమున విద్యార్థులకు అవకాశము నిరాకరింపగూడదనుట దాని సారాంశము. ఆ శాసనము వలన ముందు ఆటస్థలము వచ్చినది, తరువాత శిక్షకులు వచ్చిరి, ఆ తరువాత గౌరవములు వచ్చినవి. మనము ఈ క్రమమును తలక్రిందు చేసితిమి. మన మొదట గౌరవమును ప్రకటింతుము. దానిని పొందదగినవారు ఎట్లు పుట్టెదరో ఆలోచింపము. పందిరి లేకుండ తోరణము కట్టబోవుట యిట్టిదే.

మన గౌరవముల స్వరూపమును గొంత పరిశీలింతము. అర్జున పురస్కారము 1961నుండి కలదు. అది అంతర్జాతీయ రంగమున ఏండ్ల తరబడి రాణించినవారికి చెందును; న్యాయమే. ద్రోణాచార్య పురస్కారము 1985లో ఆరంభమైనది. అది స్త్రీలకు దక్కుటకు ఏండ్లు పట్టినది. 2002లో దానినందినవారిలో పరుగుపందెముల శిక్షకురాలు రేణు కోహ్లి యొకరు. మన వరంగల్లు సీమకు చెందిన నాగపురి రమేశ్ 2016లో ఈ గౌరవమునందెను. దీప్తి జీవాంజి వంటి పేదబిడ్డలను తీర్చిదిద్దినవారాయన. విశ్వవిద్యాలయములకు మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ 1956-57నుండి కలదు. 2020లో భువనేశ్వరమున విశ్వవిద్యాలయముల కొఱకు ఖేలో ఇండియా క్రీడలు మొదటిసారి జరిగినవి. ఇవియన్నియు మంచి పనులే. కాని ఒక చిన్న కళాశాలలో మూడేండ్లు శ్రద్ధగా ఆడి, తన జట్టును గెలిపించి, చదువును ముగించుకొని, భారత జట్టులో స్థానము దొరకక ఉపాధ్యాయినియై పోవు బాలికకు ఏ గౌరవమున్నది? ఆమెకు ప్రతిదినము ఉషఃకాలమున లేచి బంతి యందించిన ఫిజికల్ డైరెక్టరునకు ఏ గౌరవమున్నది? విశ్వవిద్యాలయమునకు ట్రోఫీ దక్కును. వైస్ చాన్సలరుగారి బల్లమీద అది మెఱయును. ఆడినవారి పేర్లు ఎందఱెఱుగుదురు? మల్లేశ్వరి పేరు దేశమంతయు నెఱుగును. ఆమెకు ఊరిలో మొదట బరువెత్త నేర్పిన నీలంశెట్టి అప్పన్న పేరు ఎందఱెఱుగుదురు? ద్రోణుడు రాజకుమారుల గురువు. పల్లెటూరి బిడ్డల గురువులకును మన సత్కారసభలో ఒక పీట వేయవలదా?

ఇక ఢిల్లీని విడిచి మన యూళ్లకు వత్తము. విస్సన్నపేట, నూజివీడు, తిరువూరు మెట్టప్రాంతము మామిడితోటలకు పెట్టినది పేరు. 2022లో జిల్లాలను విభజించినపుడు విస్సన్నపేట ఎన్.టి.ఆర్. జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరినను, తోటలు ఒక్కటే, బాంధవ్యములును ఒక్కటే. ఈ ప్రాంతపు బాలిక పదవతరగతి వరకు ఊరి పాఠశాలలో ఖోఖో, కబడ్డీలు ఆడును. మండల పోటీలకు పోయి బహుమానము తెచ్చును. ఆ తరువాత ఆమెను ఇంటరు చదువునకు పంపుదురు. అచ్చటినుండి ఆమె ఆట ఆగిపోవును. వసతిగృహముతో గూడిన ఇంటరు కళాశాలలు పెక్కు అంతస్తుల మేడలలో నడచుచున్నవి. తరగతిగదులు, భోజనశాల, నిద్రించు గది - ఇంతటితో సరి. పదునాఱేండ్ల ప్రాయమున, దేహము వికసించు వేళ, ఎండపొడ సోకనీయక రెండేండ్లు బిడ్డలను పుస్తకములముందు కూర్చుండబెట్టుచున్నాము. పిదప డిగ్రీ కళాశాల. అచట స్థలమున్నచో శిక్షకుడుండడు. శిక్షకుడున్నచో బాలికలకు వేఱుగా వేళ యుండదు. వేళయు నున్నచో, చీకటిపడకమునుపే ఊరి బస్సు నందుకోవలెను. ఇన్ని అడ్డంకులను దాటివచ్చిన బాలికకు పెండ్లిమాటలు ఎదురుగా నిలిచియుండును.

తోటలు గల మా పాఠకులకు ఒక లెక్క చెప్పెదము. మామిడి అంటు నాటిన నాలుగైదేండ్లకు కాపు మొదలిడును. ఇంటరు రెండేండ్లు, డిగ్రీ మూడేండ్లు - వెరసి ఐదేండ్లు. అంటు కాపునకు వచ్చునంత కాలమున బాలిక క్రీడాకారిణి కాగలదు. చిన్నరసపు అంటునకు ఆ యైదేండ్లు నీరుకట్టి, కంచెవేసి, చీడకు మందుకొట్టి, పసిబిడ్డవలె సాకు రైతునకు తన కుమార్తె విషయమున ఆ యోర్పుండదా? రెండవ యేట అంటును పెఱికివేసి, ఐదవ యేట కాయ లేదని యేడ్చు తోటమాలిని లోకము వెఱ్ఱివాడనును. కళాశాలలందు బాలికల యాటను మానిపించి, జాతీయ పురస్కారములలో మన పేరు లేదని చింతించుట యిట్టిదికాదా?

మఱియొక లెక్క. బాస్కెట్‌బాల్ కోర్టునకు ఇరువదియెనిమిది మీటర్ల పొడవు, పదునైదు మీటర్ల వెడల్పు కావలెను. చుట్టును రెండేసి మీటర్లు వదలినను, మన కొలతలో అది ఇంచుమించు పదునైదు సెంట్లే. ఎకరమునకు నలువదిచెట్ల లెక్కను చూచిన, ఆఱు మామిడిచెట్లు నిలుచునంత నేల! ఇరుప్రక్కల పది యడుగుల యెత్తున రెండు ఇనుపవలయములు, గట్టి నేల, ఒక బంతి. వందలాది యెకరముల తోటలుగల ఈ సీమలో బాలికల కొఱకు ఆఱుచెట్ల నేల దొరకదని చెప్పినచో ఎవరు నమ్ముదురు? దేవాలయములకు మాన్యములిచ్చినది, సత్రములు కట్టించినది, గ్రంథాలయములకు ఇండ్లు విడిచినది మన పెద్దలే. నేటి భూస్వాములకు ఆ దానబుద్ధి అంతరింపలేదని మేము విశ్వసించుచున్నాము.

ఇందునకు ఆక్షేపణలు లేకపోలేదు. ఆట శ్రమకరమనుమాట మొదటిది. 1932లో మిసిసిపీ యధికారులు పలికినదియు ఈ మాటయే. కాలమే దానికి సమాధానము చెప్పినది. నెత్తిన గంపతో ఎండలో కాయ మోయు స్త్రీకి శ్రమయని యెవరును ఆట మాన్పినట్లు పని మాన్పుటలేదు గదా! చదువు చెడుననుమాట రెండవది. టెనెసీ విశ్వవిద్యాలయమున ముప్పదియెనిమిది వత్సరములు బాలికలకు శిక్షణమిచ్చిన పాట్ సమ్మిట్ చరిత్ర దీనికి జవాబు. 1974లో ఇరువదిరెండేండ్ల ప్రాయమున పని యారంభించి, తానే జట్టు బండిని నడిపి, తానే బాలికల దుస్తులనుదికి, తుదకు 1,098 విజయములను, ఎనిమిది జాతీయ విజేతృత్వములను ఆమె గడించెను. ఆమెవద్ద పూర్తికాలము ఆడిన బాలికలందఱును పట్టభద్రులై వెలుపలికి వచ్చిరి. 2012లో ఆ దేశాధ్యక్షుడు ఆమెకు అత్యున్నత పౌరగౌరవమునొసగెను. దుస్తులను గూర్చిన యాక్షేపణ మూడవది. మర్యాద దుస్తులలో కంటె చూచువారి చూపులో నుండవలెను. ఆ చూపును దిద్దుట పెద్దల కర్తవ్యము. బాలికలకు స్త్రీలే శిక్షకులుగా నుండుట మేలని తల్లిదండ్రులు కోరినచో అది న్యాయమైన కోరిక. ఆ కోరికను నెపముగా జేసికొని ఆటనే మాన్పుట న్యాయము కాదు. శిక్షకురాండ్రను నియమించుటయే మార్గము. నేటి క్రీడాకారిణికి రేపు ఉద్యోగము చూపు దారియు నదియే.

కావున మేము కోరునది స్వల్పము, సాధ్యము. మొదటిది: ప్రతి విశ్వవిద్యాలయమును, దానిపైన రాష్ట్రమును, ఏటేట కళాశాల బాలికల జట్టు ఆటలలో ఉత్తమ క్రీడాకారిణిని, ఉత్తమ శిక్షకుని లేక శిక్షకురాలిని ఒకే వేదికపై గౌరవింపవలెను. ఆ పురస్కారమునకు జీవితమంతయు బాలికలకు ఆటనేర్పిన ఒక తెలుగు వ్యాయామోపాధ్యాయుని పేరు పెట్టవలెను. పదవులలో నున్నవారి పేర్లు వలదు. రెండవది: చదువు నడుమ మాననివారికే ఆ గౌరవము చెందవలెను. మూడవది: కేంద్ర ప్రభుత్వము విశ్వవిద్యాలయమునకు ట్రోఫీ నిచ్చునపుడు, దానిని గెలిచిపెట్టిన బాలికలను, వారి గురువులను పేరుపేరున పిలిచి సత్కరింపవలెను. నాలుగవది: ఆటస్థలము చూపని కళాశాలకు అనుమతి నిచ్చునప్పుడు అధికారులు ఒక క్షణమాగి ఆలోచింపవలెను, నిబంధనలు కాగితముపై నుండి ఫలము లేదు. ఐదవది మన వంతు: విస్సన్నపేటవంటి ఊళ్లలో ఒక భూస్వామి నేల నిచ్చుగాక, ఒక వర్తకుడు వలయములను పెట్టించుగాక, ఒక తల్లి సాయంకాలము తన బిడ్డను ధైర్యముగా పంపుగాక. దీనికి శాసనము అక్కఱలేదు, ఢిల్లీ యుత్తరువు అక్కఱలేదు.

గౌరవము ఫలమువంటిది, చెట్టును పెంచనివానికి ఫలమును గోరు హక్కు లేదు. గీతూ అన్నా జోస్ చదివిన చంగనాశ్శేరి అసంప్షన్ కళాశాల కేరళలో మహానగరమున లేదు. మన నూజివీడువంటి పట్టణముననే యున్నది. అచటివారికి గల బుద్ధి మనకును గలదు. అచటివారికి గల నేలకంటె మనకు ఎక్కువయే కలదు. లేనిది సంకల్పము. పురస్కారముల పట్టికలో తెలుగు బాలికల జట్టు పేరు లేనందుకు సిగ్గుపడవలసినది బాలికలు కారు. వారి చేతికి బంతి నందింపని మనము. ఈ యేడు కాపు దిగి, తోటలలో పనులు తీఱి, కళాశాలలు తెఱచునాటికి ఈ సీమలో ఒక్క ఊరైనను ఆ యాఱుచెట్ల నేలను బాలికలకు ఒప్పగించునని, దానిని జూచి తక్కిన యూళ్లు కదలునని మేము ఆశించుచున్నాము.